వంతు నాదే

మొన్నొక మధ్యాహ్నం పాత ఈమెయిల్స్ తుడిచేస్తూ కూర్చున్నాను. స్టోరేజీ నిండిపోయిందని ఫోన్ రోజూ గోల. కూపన్లు, కరెంటు బిల్లులు, స్కూలు నోటీసులు వందల లెక్కన తీసేస్తుంటే 2014 దగ్గర ఒక మెయిల్ కనబడి చెయ్యి ఆగిపోయింది. చివరి వాక్యం ఇది: డాక్టర్ ల్యాబు గుమ్మంలో నిలబడి అడిగింది, "స్లైడ్ ఏ రంగుకి తిరిగింది?"

దానికి జవాబు రాయాల్సింది నేను. రాయలేదు.

ఈ సంగతి చెప్పాలంటే 2011కి వెళ్ళాలి. పెళ్ళయిన మూడు నెలలకి ఒహాయో వచ్చాను. గుంటూరులో బీయస్సీ మైక్రోబయాలజీ చదివి, ఏడాదిన్నర ఒక ల్యాబులో పనిచేసినదాన్ని. ఇక్కడ హెచ్-4 వీసా. అప్పట్లో ఆ వీసా మీద ఉద్యోగం చేసే వీల్లేదని మీలో చాలామందికి చెప్పక్కర్లేదు. మా ఆయన ఏడున్నరకి వెళ్తే మళ్ళీ సాయంత్రం ఆరుకే. బయట మంచు, నాకు డ్రైవింగ్ రాదు. "రోజంతా ఏం చేస్తున్నావే?" అని అమ్మ ఫోన్లో అడిగితే "పని సరిపోతోందమ్మా" అనేదాన్ని. ఇద్దరి వంటకి పనెంత?

ఆ రోజుల్లోనే ఈమెయిల్లో ఆడే ఆట ఒకటి తగిలింది. బొమ్మలుండవు, పాయింట్లుండవు, అంతా రాతే. స్టార్ ట్రెక్ లోకంలో ఒక అంతరిక్ష నౌక. అందులో ఒక్కొక్కరిదీ ఒక్కో పాత్ర. కెప్టెన్ పాత్ర వేసేవారే ఆట నడుపుతారు. ఒకరు నాలుగు పేరాలు రాసి అందరికీ పంపితే, ఆపిన చోట ఇంకొకరు అందుకోవాలి. మన పత్రికల్లో ఒకప్పుడు వచ్చిన గొలుసు నవలల్లాగా అన్నమాట. రెండు నియమాలు ముఖ్యం. ఎదుటివాళ్ళ పాత్రని వాళ్ళని అడక్కుండా మనం కదిలించకూడదు. అంత్యాక్షరిలో అక్షరం వదిలినట్టు, చివర్లో పక్కవాళ్ళకి ఏదో ఒకటి అందించాలి. ఒక ప్రశ్నో, తలుపు చప్పుడో. దాన్ని ట్యాగ్ అంటారు.

సైన్స్ ఆఫీసర్ ఖాళీ ఉందంటే ఒక పేజీ రాసి పంపాను. రెండు రోజులకి "నౌకకి స్వాగతం, లెఫ్టినెంట్" అని జవాబొచ్చింది. నవ్వకండి. ఈ దేశంలో నాకొచ్చిన మొదటి ఉద్యోగం అదే!

ఒకసారి కథలో నౌక అంతా జబ్బు పాకింది. మిగతావాళ్ళు స్కానర్ ఇలా చూపించగానే రోగం పేరు చెప్పేస్తున్నారు. నేను మాత్రం ప్లేట్లు ఇంక్యుబేటర్లో పెట్టి, రేపటిదాకా ఏమీ చెప్పలేనని రాశాను. తర్వాత గ్రామ్ స్టెయిన్. క్రిస్టల్ వయొలెట్, అయొడిన్, ఆల్కహాల్, సాఫ్రనిన్. వరస మర్చిపోలేదు. ఊదా రంగు నిలిస్తే ఒక రకం బాక్టీరియా, గులాబీకి తిరిగితే ఇంకో రకం. ఆఫీసర్ వేళ్ళకి ఊదా మరకలు అంటుకుని ఎంత కడిగినా పోలేదని కూడా రాశాను. నా వేళ్ళ మీద ఆ మరకలు పోయి అప్పటికి ఏడాది దాటింది.

డాక్టర్ పాత్ర వేసేది స్కాట్లండ్‌లో ఉండే ఒక పెద్దావిడ, రిటైరైన నర్సు. "నువ్వు నిజంగా ల్యాబులో పనిచేశావు కదూ? మరకల సంగతి పుస్తకాల్లో రాయరు" అని విడిగా మెయిల్ పెట్టారు. అలా మొదలైంది స్నేహం. మూడేళ్ళలో మేమిద్దరం కలిసి రాసిన మెయిల్సే నాలుగు వందలు దాటాయి. కథ కింద రెండు లైన్లు సొంత కబుర్లు ఉండేవి. ఆవిడ మోకాలి నొప్పి, నా చింతపండు వెతుకులాట. మా ఆయన "రేపటికి నీ ఓడేం మునిగిపోదులే, అన్నం పెట్టు" అని నవ్వేవారు.

నిజానికి నేను చేరేసరికే ఆ ఆట ఆఖరి బంతికొచ్చింది. ఇలాంటివి ఈమెయిల్ కంటే ముందు పోస్టులోనే నడిచేవట. 1970లో అమెరికాలో రిక్ లూమిస్ అనే ఆయన ఉత్తరాల మీద ఆడే యుద్ధం ఆటని వ్యాపారంగానే మొదలుపెట్టారు. తర్వాత మోడెమ్ రోజులు. మెయిల్స్ దింపుకుని, ఫోన్ లైను ఆపేసి, తీరిగ్గా రాసుకుని మళ్ళీ కలిపి పంపేవాళ్ళమని మా కెప్టెన్ చెప్పేవారు. నెట్ ఎప్పుడూ ఉండేదయ్యాక ఆ తీరిక పోయింది. 2004లో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ వచ్చింది. అందులో నౌకని, కత్తిని వర్ణించక్కర్లేదు, కళ్ళముందే ఉంటాయి. తర్వాత ఫేస్‌బుక్, స్మార్ట్‌ఫోన్, డిస్కార్డ్. ఇలాంటి ఆటలు ఎన్నిటికో ఇల్లయిన యాహూ గ్రూప్స్ కూడా 2020 డిసెంబరులో మూతపడింది.

అందరూ చెప్పే కారణాలు ఇవే. నేను చూసింది వేరే. ఆరుగురున్న సన్నివేశంలో ఒక్కరు ఆగితే చాలు. వాళ్ళని మనం కదిలించకూడదు కాబట్టి మిగిలిన ఐదుగురూ ఎదురుచూస్తారు. వారం, రెండు వారాలు. ఒకరు విసుగొచ్చి తప్పుకుంటారు. రోజుకి పది మెయిల్స్ వచ్చే చోట నెలకి ఒకటి వస్తుంది. ఎవరూ ఆట మానేశామని చెప్పరు. రేపు రాద్దామనుకుంటారు.

మా ఆటలో అలా ఆగింది నేనే. ఏడో నెలలో "రెండు వారాలు సెలవు" అని రాశాను. మా అమ్మాయి పుట్టింది, నిద్రలు పోయాయి. ఆవిడ ట్యాగ్ చూశాను. చిన్న జవాబు పంపడం బాగోదు, తీరిగ్గా రాద్దామనుకున్నాను. తర్వాత ఆలస్యమైందని సిగ్గేసింది. ఆ సిగ్గుతో ఇంకా ఆలస్యమైంది.

ఆ మధ్యాహ్నం తుడవడం ఆపి రాశాను. సైన్స్ ఆఫీసర్ మైక్రోస్కోపు మీంచి తలెత్తింది. "గులాబీ రంగుకి, డాక్టర్. ఆలస్యానికి మన్నించండి."

మా అమ్మాయి భుజం మీంచి చూసి, "ఇంత లేటుగా రిప్లై ఇస్తే చూస్తారా మమ్మీ?" అంది. తెలీదన్నాను. మూడు వారాలైంది. చిరునామా లేదని మెయిల్ తిరిగి రాలేదు, జవాబూ రాలేదు. కూపన్లన్నీ పోయాయి కానీ ఆ నాలుగు వందలూ అలాగే ఉంచాను.

కింద ట్యాగ్ పెట్టడం మాత్రం మర్చిపోలేదు. మోకాలు ఎలా ఉందని అడిగాను.