యూనియన్ స్టేషన్‌లో ఇద్దరు నూర్‌లు

"స్క్వాషా? అంటే సీసాలోది నీళ్లల్లో కలుపుకుంటాం, అదా?"

టికెట్ బుక్ చేశానని చెప్పగానే మా ఆయన అన్న మొదటి మాట. తప్పు పట్టలేం. మన ఇళ్లల్లో స్క్వాష్ అంటే ఎండాకాలం చుట్టాలొస్తే ఇచ్చే ఆరెంజ్ స్క్వాషే కదా! రాకెట్ అంటే షటిల్. అక్కడితో సరి.

అది 2019 మార్చి 2, శనివారం. మేం ఉండేది షికాగో శివార్లలోని నేపర్‌విల్‌లో. జనవరి చివర్లో వచ్చిన పోలార్ వోర్టెక్స్ దెబ్బకి ఆ ఏడాది చలి ఎముకల్లో దిగిపోయింది. అయినా సాయంత్రం స్వెటర్ మీద జాకెట్, దాని మీద కోటు తగిలించుకుని మెట్రా ట్రైన్ ఎక్కేశా. మా ఆయనకి ఆన్‌కాల్ డ్యూటీ. ఒక్కదాన్నే.

నిజం చెప్పనా? ఉద్యోగానికి రోజూ యూనియన్ స్టేషన్‌లోనే దిగుతున్నా, గ్రేట్ హాల్‌లోకి ఎప్పుడూ వెళ్లలేదు. ప్లాట్‌ఫామ్, కాఫీ క్యూ, ఎస్కలేటర్, ఆఫీస్. అంతే. అసలైన అందమంతా కెనాల్ స్ట్రీట్‌కి అవతలి బిల్డింగ్‌లో ఉందని ఆ రోజే తెలిసింది. 1925లో కట్టిన స్టేషన్ అది. 110 అడుగుల ఎత్తున గాజు పైకప్పు, లావుపాటి స్తంభాలు, పాతకాలం చెక్క బెంచీలు. పైన రెండు ఆడబొమ్మలు. ఒకామె చేతిలో కోడిపుంజు, ఇంకొకామె చేతిలో గుడ్లగూబ. పగలూ రాత్రీ అన్నమాట. రైళ్లు రెండు పూటలా నడుస్తాయి కదా.

వాళ్ల కింద, హాల్ మధ్యలో ఓ గాజు గది! నాలుగు వైపులా గాజు గోడలు, లోపల లైట్లు. పొడవు 9.75 మీటర్లు, వెడల్పు 6.4 మీటర్లు. ఇంత చిన్న చోట ప్రపంచ చాంపియన్‌షిప్ ఏంటి అనిపించింది ముందు.

ఆట తెలియనివాళ్లకి రెండు ముక్కలు. మధ్యలో నెట్ ఉండదు. ఇద్దరూ ఒకే గదిలో, ఒకే గోడకేసి కొడతారు. చిన్నప్పుడు మధ్యాహ్నం పూట గోడకి బంతి కొట్టి అమ్మమ్మ చేత తిట్లు తినలేదూ, అదే. కాకపోతే బంతి రెండోసారి నేలకి తగిలేలోపు అవతలి మనిషి అందుకోవాలి. ముందు గోడకి కింద 17 అంగుళాల టిన్ ఉంటుంది. దానికి తగిలిందా, 'టంగ్' మని మోగుతుంది, పాయింట్ పోతుంది. గేమ్‌కి 11 పాయింట్లు, రెండు తేడా ఉండాలి. మూడు గేములు గెలిస్తే మ్యాచ్.

ఫైనల్‌లో ఇద్దరూ ఈజిప్షియన్లే. ఇద్దరి పేరూ నూరే! అరబిక్‌లో వెలుగు అని అర్థం. అలెగ్జాండ్రియా అమ్మాయి నూర్ ఎల్ షెర్బినీ అప్పటికే రెండుసార్లు వరల్డ్ చాంపియన్. 20 ఏళ్లకే మొదటి టైటిల్ కొట్టేసింది. రెండో ఆమె నూర్ ఎల్ తాయెబ్. ఆమె భర్త అలీ ఫరాగ్‌దీ అదే సాయంత్రం, అదే కోర్టులో పురుషుల ఫైనల్. ఈ జంట 2017 యూఎస్ ఓపెన్‌లో ఒకే రోజు చెరో టైటిల్ గెలిచింది. ఇంకో సంగతి. స్క్వాష్‌లో మొత్తం ప్రైజ్‌మనీ 10 లక్షల డాలర్లకి చేరిన మొదటి టోర్నీ ఇదే. ఆడవాళ్లకి 5 లక్షలు, మగవాళ్లకి 5 లక్షలు. సరిగ్గా సగం సగం.

ఆ లెక్క చదివినప్పుడే టికెట్ కొన్నాను నేను. ఎందుకంటే అప్పుడు మా వాట్సాప్ గ్రూపులన్నీ ఒకటే గోల. హెచ్-4 వీసా మీదున్న భార్యలు ఉద్యోగం చేసుకోవచ్చని 2015లో వచ్చిన రూల్‌ని ఎత్తేసే ప్రతిపాదన ఫిబ్రవరిలో వైట్‌హౌస్ బడ్జెట్ ఆఫీసుకి చేరింది. నా పర్సులో ఉన్నది ఆ రూల్ మీద వచ్చిన కార్డే. "పోతే పోయిందిలే, నాకు జాబ్ ఉందిగా" అన్నాడు మా ఆయన, ధైర్యం చెబుతున్నాననుకుని. రెండు రోజులు మాట్లాడలేదు నేను.

మొదటి రెండు గేములూ చకచకా అయిపోయాయి. 11-6, 11-5. షెర్బినీ గోడని ఆనుకుని బంతిని పంపిస్తుంటే దాన్ని గీకి తీయాల్సిందే తప్ప కొట్టే వీల్లేదు. ఇక ఇంటికెళ్లిపోవడమే అనుకున్నా. మూడో గేమ్‌లో ఎల్ తాయెబ్ లేచింది. అందవనుకున్న బంతులకి కాళ్లు బార చాపి, దాదాపు నేలమీద పడిపోతూ తీస్తోంది. 12-10తో లాగేసింది. నా పక్కనున్న పెద్దావిడ లేచి అరుస్తుంటే నేనూ లేచాను. ఎవరి కోసం అరుస్తున్నానో నాకే తెలీదు. నూర్ అంటే సరిపోతుందిగా!

నాలుగో గేమ్ 10-10. 11-11. 13-13. బూట్ల కీచుమనే చప్పుడు, గాజుకి బంతి తగిలే చప్పుడు తప్ప ఇంకేం లేదు. చివరికి 15-13. షెర్బినీకి మూడో టైటిల్. ఇద్దరూ వాటేసుకున్నారు. ఆ రాత్రి అలీ ఫరాగ్ తన మొదటి వరల్డ్ టైటిల్ గెలిచాడు. ఆ ఇంటికి ఒక కప్పు వెళ్లింది, ఇంకోటి వెళ్లలేదు. డిన్నర్ దగ్గర వాళ్లు ఏం మాట్లాడుకుని ఉంటారా అని చాలా సేపు ఆలోచించా.

షెర్బినీ ఆ తర్వాతా ఆగలేదు. 2025లో మళ్లీ షికాగోలోనే ఎనిమిదో టైటిల్ కొట్టి, మలేసియా దిగ్గజం నికోల్ డేవిడ్ రికార్డుని సమం చేసింది. ఎల్ తాయెబ్ 2021లో పాపని కని, మళ్లీ రాకెట్ పట్టుకుని టూర్‌కి వచ్చేసింది. నా కార్డుని భయపెట్టిన ఆ ప్రతిపాదనని 2021 జనవరిలో వెనక్కి తీసుకున్నారు.

ఆ రాత్రి ప్లాట్‌ఫామ్ మీద వణుకుతూ నిలబడితే మా ఆయన ఫోన్.

"ఎవరు గెలిచారు?"

"నూర్."

"ఓడిపోయిందెవరు?"

"నూరే."

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అన్నాడు, "స్టేషన్‌కి కారు తెస్తాలే. ఆ కార్డు సంగతి... ఇంటికొచ్చాక సరిగ్గా మాట్లాడుకుందాం."