బస్తీ ముచ్చట్లు – 17: పది డోసుల సీసా

ఆరోగ్యం గురించి కూడా రాయమని ఉస్మానియా తమ్ముళ్లు అడుగుతున్నరు. అందుకే ఈ ముచ్చట.

మా చిన్నమ్మ కోడలు బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌ల ఉల్లిగడ్డలు ఏరే పనికి పోతది. ఆ మార్కెట్‌కు బాబాసాహెబ్ పేరే ఉంది. కడుపుతో ఉన్నప్పుడు ఏడో నెలల రక్తపరీక్ష చేస్తే హెపటైటిస్ బి పాజిటివ్ అని వచ్చింది. ఆ రోజు నుంచి ఇంట్ల ఆమె కంచం వేరు, గ్లాసు వేరు. చూపించుకునే నర్సింగ్ హోంల ఫైలు మీద ఎర్ర పెన్నుతో పెద్దగ రాసి, అందరూ అయిపోయినంకనే లోపలికి పిలిచేటోళ్లు.

"బావా, మా అమ్మమ్మకు ఊర్ల హోటల్‌ల వేరే గ్లాసు పెట్టేటోళ్లంట. నాకు మనింట్లనే పెట్టిండ్రు" అన్నది. ఆ మాటకు ఏం చెప్పాలె?

ఈ వైరస్ కంచంతోని, గ్లాసుతోని, పక్కన కూసుంటే అంటుకోదు. రక్తంతో, లైంగిక సంబంధంతో, కాన్పు టైంల తల్లి నుంచి బిడ్డకు పోతది. అసలు ప్రమాదం ఆ బిడ్డకే. పెద్దోళ్లకు సోకితే నూటికి 95 మంది ఒంట్లకెళ్లి పోతది. పుట్టంగనే సోకితే నూటికి 90 మందిల ఉండిపోతది. ఏండ్ల తర్వాత లివర్ గట్టిపడుడో, క్యాన్సరో. మనోళ్లేమో కామెర్లని పసరు పోయించుకుంట తిరుగుతరు.

అడ్డుకునేది ఒక సూది. పుట్టిన 24 గంటల లోపల తొడకు అర మిల్లీలీటరు టీకా. తల్లి పాజిటివ్ అయితే రెండో తొడకు ఇమ్యునోగ్లోబులిన్ కూడా, 12 గంటల్లో అయితే మంచిది. మళ్లీ 6, 10, 14 వారాలకు పెంటావాలెంట్‌ల ఇదే టీకా ఉంటది. తల్లి రక్తంల వైరస్ ఎక్కువుంటే చివరి నెలల్లో టెనోఫోవిర్ మాత్రలు. తల్లిపాలు మాత్రం మానొద్దు.

ఈ టీకాను మన దేశంల మొదట తయారు చేసింది హైదరాబాదే. 1997ల శాంతా బయోటెక్నిక్స్ షాన్‌వ్యాక్-బి తెచ్చినంక విదేశీ కంపెనీల ధరలు దిగొచ్చినయి. 2011 వచ్చేసరికి దేశమంతా సర్కారు టీకాలల్ల చేరింది. టీకా ఉన్న ఊర్లనే బిడ్డకు టీకా కోసం కొట్లాడాల్సొచ్చింది చూడండి.

కాన్పు శనివారం రాత్రి, ఒక సర్కారు దవాఖానల. పొద్దుగాల సిస్టర్ "సోమవారం ఇస్తం, ఒక్క బిడ్డకు పది డోసుల సీసా తెరిస్తే మిగిలింది పారబోయాలె" అన్నది. తెరిచినంక నాలుగు గంటలకే పారబోసేది బీసీజీ. హెపటైటిస్ బి సీసాను చల్లగ, నియమం ప్రకారం పెడితే 28 రోజులు వాడొచ్చు, సర్కారు రూలే అది. గొంతు పెంచకుండ చెప్పిన. డ్యూటీ డాక్టరమ్మ వచ్చి సీసా తెరిపించింది. ఇమ్యునోగ్లోబులిన్ బయట కొంటే వేలల్ల ఉంటది. 2018 జులై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ కార్యక్రమం కింద అది పాజిటివ్ తల్లుల బిడ్డలకు ఉచితం. అడిగితేనే బయటికొచ్చింది.

హాస్టల్ తమ్ముళ్లు, చెల్లెండ్లు ఒక పని చేయండి. మీ బస్తీల తల్లీబిడ్డల కార్డులు తీసి, పుట్టిన రోజు టీకా గడిల ఏ తేదీ రాసుందో చూడండి. పుట్టిన తేదీ పక్కన పెట్టి చూడండి. తేడా వస్తే నాకు రాయండి, అన్నీ కలిపి వైద్యాధికారికి దరఖాస్తు ఇద్దాం.

(ఇంకా ఉంది)