ఇంజిన్‌కు పోసే క్లీనర్ ఊపిరితిత్తుల్లోకి చేరితే

పాత కారు పికప్ తగ్గినా, పొద్దున్నే స్టార్ట్ కాకుండా సతాయించినా, విజయవాడ ఆటోనగర్ షెడ్లలో తరచూ వినిపించే సలహా ఒకటుంది. "ట్యాంకులో క్లీనర్ ఒక సీసా పోసి చూద్దాం సార్." పెట్రోల్లో కలిస్తే ఇంజెక్టర్లకు పట్టిన జిడ్డు, మసి కరుగుతాయి. రింగులు అరిగిపోయిన ఇంజిన్‌ను అది బాగు చెయ్యలేదు గాని, మురికి వల్ల వచ్చిన ఇబ్బందిని కొంత తగ్గిస్తుంది. అంతవరకు దానితో నాకు పేచీ లేదు. కానీ ఊపిరితిత్తుల వైద్యుడిగా, ఆ ద్రవం గొంతులోకి పోయినవాళ్ళను చూస్తుంటాను. వాళ్ళ కోసమే ఈ నాలుగు మాటలు.

ఒక మధ్యాహ్నం మూడేళ్ళ పిల్లవాణ్ణి భుజాన వేసుకుని తండ్రి పరుగున వచ్చాడు. వెనకే నాయనమ్మ. కార్లో సగం పోయగా మిగిలిన క్లీనర్‌ను, మూత సరిగ్గా పట్టడం లేదని కూల్‌డ్రింకు సీసాలోకి వంచి వరండా గట్టుమీద పెట్టారట. పిల్లవాడు తాగింది ఒక్క గుక్కే. దగ్గాడు, ఏడ్చాడు, కాసేపటికి సర్దుకున్నాడు. నాయనమ్మ కంగారుపడి ఉప్పునీళ్ళు తాగించి, వేలు పెట్టి కక్కించింది. "అంతా బయటికొచ్చేసింది డాక్టరుగారూ" అని ఊరటగా చెబుతోంది. పిల్లవాడి ముక్కుపుటాలు అదురుతున్నాయి, డొక్కలు ఎగరేస్తున్నాడు, ఊపిరిలో థిన్నర్ వాసన. రక్తంలో ఆక్సిజన్ 86 శాతం చూపిస్తోంది.

ఇలాంటి క్లీనర్లలో చాలావాటికి ఆధారం పెట్రోలియం ద్రావకాలే. అవి ఒక గుక్క కడుపులోకి పోతే జరిగే హాని సాధారణంగా తక్కువ, గాలిగొట్టంలోకి దిగితే మాత్రం కొద్ది చుక్కలు చాలు. బాగా పలచన కాబట్టి క్షణాల్లో లోపలికంటా పాకిపోతాయి. ఊపిరితిత్తుల్లోని గాలిగదులు ముడుచుకుపోకుండా సర్ఫాక్టెంట్ అనే పలుచని పొర కాపాడుతుంది. అందులో నూటికి తొంభై పాళ్ళు కొవ్వు పదార్థాలే. ఇంజెక్టర్ మీది జిడ్డును కరిగించే గుణమే ఈ పొరనూ చెడగొడుతుంది. గదులు మూసుకుపోతాయి, వాపు వస్తుంది, నీరు చేరుతుంది. వాంతి చేయిస్తే అదే ద్రవం మళ్ళీ గొంతుదాకా వచ్చి, ఊపిరితిత్తుల్లోకి జారడానికి ఇంకో అవకాశం దొరుకుతుంది. అందుకే మేము కూడా కడుపు కడగడానికి తొందరపడం.

దీనికి విరుగుడు మందు లేదు. ఆక్సిజన్ పెట్టాలి, కనిపెట్టుకుని ఉండాలి, అవసరమైతే వెంటిలేటర్. మొదటిరోజు వచ్చే జ్వరం చాలావరకు రసాయనం కాల్చినందువల్ల వచ్చేదే, అందుకని వెంటనే యాంటీబయాటిక్ గుప్పించనక్కర్లేదు. ఆ పిల్లవాడు ఐసీయూలో కొన్నాళ్ళుండి కోలుకున్నాడు. ఆ పెద్దావిడ మాత్రం నా వల్లే అయింది బాబూ అని కుమిలిపోయింది. పక్కన కూచుని ఆమెకు చెప్పాను: విషం తాగితే కక్కించాలని మనకు తరతరాలుగా చెప్పారు, పెట్రోలు, కిరసనాయిలు జాతి ద్రవాలకు అది పనికిరాదని చెప్పినవాళ్ళు తక్కువ. చెప్పాల్సిన బాధ్యత మా వైద్యులదే.

షెడ్డు కుర్రాళ్ళ సంగతి వేరు. క్లీనర్ ఎక్కువ పోశారనో, పెట్రోలు పాతబడిందనో ట్యాంకు ఖాళీ చేయమంటారు. హెల్పర్ కుర్రవాడు పైపు ఒక కొస ట్యాంకులో, ఇంకో కొస నోట్లో పెట్టుకుని పీలుస్తాడు. అలా ఒక గుటక లోపలికి పోయినవాడు సాయంత్రం నా దగ్గరికొచ్చాడు. దగ్గు తప్ప ఏమీ లేదు, ఎక్స్‌రే శుభ్రంగా ఉంది. "బాగానే ఉందిగా సార్, పోతాను, పొద్దున్నే పనుంది" అన్నాడు. పోనివ్వలేదు. తెల్లవారేసరికి 103 డిగ్రీల జ్వరం, ఊపిరి పీలిస్తే కుడిడొక్కలో పోటు, ఎక్స్‌రేలో కుడి కిందిభాగం తెల్లగా కమ్మేసింది. గాలిగొట్టం కుడికొమ్మ వెడల్పుగా, నిటారుగా ఉంటుంది కాబట్టి ద్రవం ఎక్కువగా అటే దిగుతుంది. ఎక్స్‌రేలో మార్పు తెలియడానికి కొన్ని గంటలు పడుతుంది. పెట్రోలు తోడే చేతిపంపు పెద్ద ఖరీదేమీ కాదు. అది కొనివ్వకుండా కుర్రవాడి నోటితో పని కానిచ్చే యజమానిని నేను క్షమించలేను.

ఇంకొకాయన క్లీనర్ పోసి, మూసిన గ్యారేజీలో ఇంజిన్ నడిపిస్తూ అక్కడే నిలబడ్డారు. తలనొప్పి, వాంతులతో వచ్చారు. వేలికి పెట్టే ఆక్సీమీటరు మామూలు అంకెలే చూపించింది. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన రక్తాన్ని కూడా అది ఆక్సిజన్ ఉన్నట్టే లెక్కేస్తుంది. అసలు సంగతి రక్తపరీక్షలో బయటపడింది. పాతబండి పొగలో ఈ వాయువు ఇంకా ఎక్కువ. ఇంజిన్ నడిపేది ఆరుబయటే నడపండి.

మిగిలిన క్లీనర్‌ను దాని డబ్బాలోనే, పిల్లల చేతికందని చోట ఉంచండి. ఎవరైనా మింగితే కక్కించకండి, పాలూ మజ్జిగా పట్టకండి, 108కి ఫోన్ చేయండి. వచ్చేటప్పుడు ఆ డబ్బా తప్పకుండా వెంట తెండి. కొన్ని కార్బురేటర్ క్లీనర్లలో మిథనాల్ ఉంటుంది, అది కంటిచూపును తీసేస్తుంది. దానికి మాత్రం విరుగుడు ఉంది. లేబుల్ చూస్తే మేము ఆ వైద్యం వెంటనే మొదలుపెట్టగలం.