మిగులు

మాసాంతమున జమాఖర్చుల పుస్తకము ముందిడుకొని కూర్చుండుట నాకు కాపురమునకు వచ్చిననాటి నుండియు నలవాటు. మావారు ఉపాధ్యాయులు, వచ్చునది మితము. అటు పోయిన నెలలో ఖర్చులన్నియు పోను 900 రూపాయలు మిగిలినవి. సంతోషము పట్టలేక పుస్తకము కొనిపోయి వారికి జూపితిని. వారు పుటలు త్రిప్పి, "నీ మందుల పద్దు కానరాదేమి?" అనిరి. నేను తల వంచుకొంటిని. రక్తము తక్కువగా నున్నదని వైద్యురాలు వ్రాసియిచ్చిన మందును రెండు నెలలుగా కొనుట మానియుంటిని. "ఇది మిగులు గాదు, అప్పు" అని వారు లేచిపోయిరి.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మిగులనగా నేమి? మఱునాడు వారి అలమరలోని గ్రంథములను తిరుగవేసితిని.

అర్థశాస్త్రజ్ఞులు చెప్పు మిగులొకటి కలదు. ఉప్పునకు మనమిచ్చు వెల స్వల్పము. అది దొరకనినాడు పదిరెట్లిచ్చియైనను కొందుము. ఇయ్య నొప్పుకొను వెలకును, ఇచ్చిన వెలకును గల యంతరమే కొనువారి మిగులు. 1844లో ఫ్రెంచి యింజనీరు డ్యూప్యుయి యీ భావమును సూచింపగా, 1890లో ఆంగ్లపండితుడు మార్షలు దానిని ప్రసిద్ధము గావించెను. ఇది పెట్టెలో దాచు ధనము గాదు. మనస్సున నిలుచు లాభము.

కోశాధికారుల మిగులు వేఱు. రాబడిలో వ్యయము తీసివేయగా నిలిచినదే యది. కాని కురియు కప్పును బాగుచేయింపక వాయిదావేసిన యేడు గూడ పద్దులో మిగులే కనబడును. నా 900 రూపాయలు ఈ జాతివే.

మూడవది చేపల మిగులు. నా కన్నులు తెఱపించినది ఇదియే. దీనిని 1954లో షేఫరను శాస్త్రజ్ఞుడు లెక్కగట్టి చూపెను. కడలిలో చేపలు క్రిక్కిఱిసి యున్నపుడు తిండి చాలక పెంపు తక్కువ. మఱీ కొలదిగా నున్నపుడు తల్లులు లేక తక్కువ. ఇంచుమించు సగమున్నపుడు పెంపు హెచ్చు. ఆ పెంపును మాత్రమే పట్టినచో మూలము తఱుగదు. అంతకు మించి పట్టినది మిగులు గాదు, మూలధనమే. కెనడాలోని న్యూఫౌండ్‌లాండు తీరమున కాడ్ చేపను అట్లు మూలము దాక పట్టిరి. 1992లో వ్యాపారపు వేట నిలుపవలసివచ్చెను. దాదాపు 30,000 మంది జీవనము కోల్పోయిరి. ఆ నిషేధము తొలగుటకు 2024 వఱకు పట్టెను.

మన తూర్పుతీరమున ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు 61 దినములు మరపడవల వేట నిషిద్ధము. ఆ దినములలో మా వీధికి ఎండుచేపల గంపతో వచ్చు ముసలామెను, కష్టము గాదా యని యడిగితిని. "కట్టమే అమ్మగోరూ. తల్లిచేపని కూడా తినేస్తే రేపేటి తింటాం?" అనినది.

ఆమె పోయిన పిమ్మట చాలసేపు గుమ్మముననే నిలిచితిని. ఇంటికి మూలము ఇల్లాలి దేహము గదా! దానిని కోసి కూడబెట్టినది మిగులెట్లగును? ఆ సాయంకాలమే మందు తెప్పించితిని. వెల 560 రూపాయలు. ఈ నెల మిగిలినది 340. పుస్తకము జూపగా మావారు మాటాడక చేవ్రాలు చేసిరి.

సోదరీమణులారా, మీ పుస్తకములలోని మిగులు ఎవరి పాలు తఱిగి వచ్చినదో ఒక్కసారి చూచుకొనుడు.