పెన్సిలుకు దక్కిన పచ్చదనం

బయలుదేరేముందు అమ్మ ఒక్కటే మాట చెప్పింది: “వాడు తిరిగి వస్తాడో రాడో కనుక్కురా!”

మా తమ్ముడు మెల్‌బోర్న్‌లో వుద్యోగం చేస్తున్నాడు. వెళ్ళిన రాత్రే తెరమీద పాత పెన్సిలు బొమ్మలు చూపించాడు. అడవి, కొండవాగు, గొడుగులు విప్పినట్టు ఫెర్న్ చెట్లు! రంగు చుక్కయినా లేదు. అయినా చల్లగా తోచింది.

గీసినవాడు యూజీన్ ఫాన్ గెరార్డ్. 1811లో వియన్నాలో పుట్టిన చిత్రకారుడు. 1852 చివర బంగారం మీద ఆశతో ఆస్ట్రేలియా వచ్చాడు. బల్లారట్‌లో తవ్వి తవ్వి విసిగి, మళ్ళీ తన విద్యకే వచ్చాడు. అడవిలో పెన్సిలుతో గీసుకొని, ఇంట్లో కూర్చుని తైలవర్ణాలు వేసేవాడు. ఆ పుస్తకాలు ఇప్పుడు సిడ్నీలోని రాష్ట్ర గ్రంథాలయంలో భద్రంగా వున్నాయి. డాండినాంగ్ కొండల్లోని ఫెర్న్‌ట్రీ గల్లీని ఆయన 1857లో చిత్రించాడు. ఆ పటం కాన్‌బెరా జాతీయ చిత్రశాలలో వుంది.

మర్నాడు బెల్‌గ్రేవ్ రైలెక్కి ఆ లోయకే వెళ్ళాం. నేను మొదట అవి ఈతచెట్లనుకున్నాను. కాదట! వీటికి పువ్వూ లేదు, గింజా లేదు. ఆకు తిప్పితే అడుగున గోధుమరంగు చుక్కలు. వాటిలోని ధూళే వీటి సంతానం. లేత ఆకు శంఖంలా చుట్టుకొని వుంటుంది.

“అన్నయ్యా, ఈ కాడ మొదలు తడిమి చూడు. గరుకుగా వుందా? ఇదొక జాతి. అది చూడు, మెత్తగా నూగులా లేదూ? అది వేరొకటి,” అన్నాడు తమ్ముడు. ఇంటివద్ద వేపకూ తురకవేపకూ తేడా తెలియనివాడు!

మెత్తని జాతి ఏడాదికి మూడు నుంచి అయిదు సెంటీమీటర్లే పెరుగుతుందట. మనిషెత్తు కావాలంటే ముప్ఫయి యేళ్ళు దాటాలి. గెరార్డ్ పటం చూసి ముచ్చటపడి వచ్చిన జనమేమో చూసి వూరుకోలేదు. తోటల్లో పెట్టుకోవడానికి పెళ్ళగించుకుపోయారు. బొమ్మ వేసినవాడికి యీ సంగతి ఎలా తోచిందో! 1882లో ఆ చోటును వుద్యానంగా కేటాయించారు. గెరార్డ్ కూడా ఆ యేడే యూరప్‌కు మరలిపోయి, 1901లో లండన్‌లో కన్నుమూశాడు.

వాగు పక్కన కూర్చున్నాం. అమ్మ అడగమన్న మాట నోటిదాకా వచ్చింది. తమ్ముడు ఒక లేత చుట్టను వేలితో తాకీ తాకకుండా చూస్తున్నాడు. నేను జేబులోంచి పెన్సిలు తీసి, వాడూ చెట్టూ వచ్చేలా కాగితం మీద గీశాను. వాడు పగలబడి నవ్వాడు.

ఇంటికి వచ్చాక అమ్మ ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

“ఈతచెట్టు బాగానే వుంది గాని, వీడేమిట్రా ఇంత చిక్కిపోయాడు?” అన్నది.