గీత దాకా

జూలై 3, రాత్రి
పొద్దున మనవడి చెవిపోటుకు డ్రై సిరప్ తీసుకెళ్లిన పెద్దావిడ సాయంత్రం సీసాతో మళ్లీ వచ్చారు. "అమ్మాయ్, మందు నీళ్లలా ఉందేంటి?" చూస్తే సీసా మెడ దాకా నీళ్లే. కౌంటరు దగ్గర రద్దీలో నేను చెప్పలేదు, ఆవిడకు తెలిసినట్టు ఆవిడ పోశారు. తప్పు నాదే. ఐదు మిల్లీలీటర్లలో 200 మిల్లీగ్రాముల అమోక్సిసిలిన్, 28.5 క్లావులానిక్ యాసిడ్ ఉండాలి. నీళ్లు ఎక్కువైతే పిల్లాడికి ఆ మేరకు మందు తగ్గినట్టే. కొత్త సీసా నా డబ్బులతో ఇచ్చి, ఆవిడ ఎదుటే కలిపాను. ముందు సీసాను తట్టి పొడి వదులు చేయాలి. సగం నీళ్లు పోసి గిలక్కొట్టాలి. నురగ దిగాక లేబుల్ మీది గీత దాకా నింపి, మళ్లీ గిలక్కొట్టాలి. ఫ్రిజ్‌లో పెట్టాలి, ఏడు రోజులు దాటితే పారబోయాలి.

జూలై 4
"625 లేకపోతే 375లు రెండు ఇవ్వండి మేడమ్, కొంచెం ఎక్కువే పడుతుంది కదా." ఈ లెక్క చాలామంది వేస్తారు. 625 అంటే 500 అమోక్సిసిలిన్, 125 క్లావులానిక్. 375లో మొదటిది 250కి తగ్గుతుంది కానీ రెండోది అదే 125. రెండు వేసుకుంటే అమోక్సిసిలిన్ 500 దగ్గరే ఉంటుంది, క్లావులానిక్ మాత్రం రెట్టింపవుతుంది. విరేచనాలు పట్టుకునేది ఎక్కువగా దానివల్లే. ఇవ్వలేదు. పక్క వీధి షాపులో అడిగి 625 తెప్పించాను.

ఈ క్లావులానిక్ అంటే నాకు ప్రత్యేకమైన గౌరవం. సొంతంగా సూక్ష్మజీవిని చంపే బలం దానికి తక్కువే. అమోక్సిసిలిన్‌ను విరగ్గొట్టడానికి బాక్టీరియా వదిలే ఎంజైమును పట్టుకుని, దాన్ని పనిచేయనివ్వదు. ఆ చాటున అమోక్సిసిలిన్ తన పని చేసుకుపోతుంది.

జూలై 5, వాన
ఒక మాస్టారు మాత్రల డబ్బా తెచ్చారు. వారానికి సరిపడా మాత్రలు స్ట్రిప్పులోంచి ముందే తీసి పెట్టుకున్నారట. తెల్లటి బిళ్లల మీద పసుపు మచ్చలు, ముట్టుకుంటే వేలికి తడి. క్లావులానిక్‌కు చెమ్మ పడదు. అందుకే స్ట్రిప్పుకు రెండువైపులా అల్యూమినియం. "వేసుకునేటప్పుడే చింపండి మాస్టారూ, అన్నం మొదటి ముద్దతో వేసుకుంటే కడుపులో తిప్పదు" అన్నాను. ఆయన ఆ మాట స్ట్రిప్పు వెనకే రాసుకున్నారు.

రాత్రి మూసేముందు ఒక కుర్రాడు జలుబుకు ఇవే మాత్రలు రెండు అడిగాడు. స్ట్రిప్పు మీది ఎర్రగీత చూపించాను. చీటీ లేకుండా ఇవ్వను. జలుబు వైరస్‌ది, ఈ మందు దాన్ని తాకదు కూడా. కోపంగా వెళ్లిపోయాడు.

జూలై 6
పెద్దావిడ ఇంకో సీసాకు వచ్చారు. పిల్లాడు రాత్రి నిద్రపోయాడట. చీటీలో ఐదు రోజులు ఉంది, నొప్పి తగ్గిందని ఆపలేదు. సంచిలోంచి ఖాళీ సీసా తీసి చూపించారు. గీత దగ్గర ఎర్రటి స్టిక్కర్ బొట్టు అంటించి ఉంది. "ఇక్కడిదాకేగా?" అన్నారు. ఈసారి నీళ్లు ఆవిడే పోశారు, నేను చూస్తూ నిల్చున్నాను.