నలుగురూ కూడితేనే గ్రంథాలయం

ఇవాళ మీకో పడవ కబురు చెప్పాలి.

1935 అక్టోబరులో మన కృష్ణ కాలువ మీద ఒక పడవ బయల్దేరింది. అందులో ధాన్యం బస్తాల్లేవు, పెళ్లివారు లేరు. పుస్తకాలున్నాయి. పెదవడ్లపూడి నుంచి కొల్లూరు దాకా కాలువ వెంట ఉన్న ఊళ్లకు పుస్తకాలు అందించడానికి, అప్పటి తెనాలి తాలూకా పెదపాలెంలోని సేవాశ్రమ వాణీమందిరం వాళ్లు వేసిన పడవ అది. దాని వెనకున్న మనిషి పాతూరి నాగభూషణంగారు. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్లు నిండలేదు.

1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయ్యాక మన డెల్టా తీరే మారిపోయింది. పొలానికి నీళ్లిచ్చిన కాలువే ఊరికి బాట కూడా అయింది. బండి దిగబడే వానాకాలంలో కూడా పడవ నడిచేది. మనుషులూ సరుకులూ వచ్చే దారినే పుస్తకం కూడా రావాలన్నది నాగభూషణంగారి ఆలోచన. అంతకు నాలుగేళ్ల ముందు, 1931లో, తమిళనాట మన్నార్‌గుడి దగ్గర ఎడ్లబండి మీద ఒక గ్రంథాలయం తిరిగింది. వాళ్లకు బండి కుదిరింది, మనకు పడవ కుదిరింది. రెండుచోట్లా పని ఒకటే, చదివేవాళ్లు ఎక్కడున్నారో అక్కడికి మనమే వెళ్లడం.

ఈ కబురు ఇప్పుడెందుకంటారా? గ్రంథాలయమనగానే మనకు తాళం వేసిన బీరువాలూ, గోడమీద ‘నిశ్శబ్దం’ అని రాసిన బోర్డూ గుర్తుకొస్తాయి. మన ప్రాంతంలో దాని పుట్టుక అలాంటిది కాదండీ. అది జనం మధ్యన, మాటల మధ్యన పుట్టింది.

1913 మే నెలలో బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. తెలుగువాళ్లంతా ఒకచోట కూడి తమ సంగతి తాము మాట్లాడుకోవచ్చన్న ధైర్యం అక్కడ వచ్చింది. ఏడాది తిరక్కుండానే, 1914 ఏప్రిల్ 10న, బెజవాడ రామమోహన గ్రంథాలయంలో ఇంకో సభ. ఊరూరా గ్రంథాలయాలు నడుపుతున్న వాళ్లందరినీ అయ్యంకి వెంకటరమణయ్యగారు అక్కడికి పోగుచేశారు. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఆ రోజే పుట్టింది. అధ్యక్షత వహించింది చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు. చిన్నప్పటినుంచీ ఆయనకు చూపు సరిగా లేదు. తోటివాళ్లు చదివి వినిపిస్తే పాఠాలు నేర్చుకున్నారు. ఒకరు చదువుతుంటే ఇంకొకరు వినడం కూడా చదువేనని ఆయనకు తెలిసినంత బాగా ఆ సభలో ఇంకెవరికి తెలుస్తుంది?

ఆ తర్వాత పల్లెల్లో వెలిసిన గ్రంథాలయాలు నడిచింది ఆ పద్ధతిలోనే. అక్షరం వచ్చినవాళ్లు తక్కువ, లోకం సంగతి తెలుసుకోవాలని ఉన్నవాళ్లు ఎక్కువ. అందుకని సాయంత్రమయ్యేసరికి ఒకరు పత్రిక తీసి చదివేవారు, పొలం నుంచి వచ్చినవాళ్లు చుట్టూ కూర్చుని వినేవారు. రాత్రిబడులు నడిచాయి. హరికథలు, భజనలు, ఉపన్యాసాలు జరిగాయి. కార్యకర్తలు గ్రంథాలయ యాత్రలని పేరుపెట్టి ఊళ్లు తిరిగారు. సంఘాన్ని ఏళ్ల తరబడి నడిపిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు వయోజన విద్యకు కూడా అంతే పాటుపడ్డారు. ఆయన లెక్కలో ఆ రెండూ ఒకే పని.

మన వేటపాలెమే చూడండి. 1918లో ఊటుకూరి వెంకట సుబ్బరాయ శ్రేష్ఠిగారు పెట్టిన సారస్వత నికేతనం గ్రంథాలయం ఈనాటికీ ఉంది. 2022 నుంచి ఆ ఊరు బాపట్ల జిల్లాలోదే. 1929లో గాంధీగారు వచ్చి ఆ గ్రంథాలయ భవనానికి శంకుస్థాపన చేశారు. ఆయన చేతికర్ర ఒకటి ఇప్పటికీ అక్కడ భద్రంగా దాచారు. నేతపని చేసుకునే ఒక ఊరు పాత పత్రికలనూ పుస్తకాలనూ నూరేళ్లు కాపాడుకుంటూ వచ్చిందంటే, అవి తమవని ఆ ఊరు అనుకోబట్టే కదా!

ఇటు తెనాలికి వస్తే, నలుగురు కూడటం ఈ ఊరికి కొత్తగా నేర్పక్కర్లేదు. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావుగారు ఇక్కడి రామవిలాస సభ నాటకాల్లో సత్యభామ కట్టి తెలుగుదేశాన్ని మురిపించారు. త్రిపురనేని రామస్వామి చౌదరిగారి ఇల్లు సూతాశ్రమంలో వాదప్రతివాదాలు సాగాయి. కొడవటిగంటి కుటుంబరావుగారు, చక్రపాణిగారు ఈ ఊరి బిడ్డలే. నాటకం చూసి వస్తూ దారి పొడుగునా దాని మీద వాదించుకునే జనం ఉన్నచోట రచయితలు పుట్టుకొస్తారు.

ఈ కూడటం ఎంత పాతదో చూడాలంటే తెనాలిలో రేపల్లె బండి ఎక్కండి. వేమూరు దాటి కొంతసేపటికి భట్టిప్రోలు వస్తుంది. 1892లో అలెగ్జాండర్ రే అక్కడి స్తూపాన్ని తవ్వించినప్పుడు అక్షరాలు చెక్కిన రాతి పేటికలు బయటపడ్డాయి. క్రీస్తు పూర్వపు అక్షరాలవి, దక్షిణాదిన దొరికిన అతి పాత రాతల్లో అవీ ఉన్నాయి. వాటిలో ఏముందో తెలుసా? దానం చేసినవాళ్ల పేర్లు, ఒక గోష్ఠిలోని సభ్యుల పేర్లు వరసగా ఉన్నాయి. సింహగోష్ఠి అనే సమూహానికి కుబీరకుడనే రాజు ముఖ్యుడని కూడా రాసుంది. నాకు ఒళ్లు పులకరించే సంగతి ఇది. మన గడ్డమీద మనకు దొరికిన తొలినాటి అక్షరాలు చెప్పేదే పదిమంది కలిసి ఒక పని చేశారని!

సరే, ఇప్పటి సంగతికి వద్దాం. 1919 నవంబరు 14న మద్రాసులో అయ్యంకివారి చొరవతో అఖిల భారత గ్రంథాలయ మహాసభ జరిగింది. ఆ తేదీని గుర్తుపెట్టుకునే 1968 నుంచి దేశమంతా నవంబరు 14 మొదలు 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు చేస్తున్నారు. మీ ఊరి శాఖా గ్రంథాలయంలో ఆ వారం ఒకసారి అడుగుపెట్టి చూడండి. ఎప్పుడూ బీరువాలో ఉండే పుస్తకాలు బల్లల మీదికి వస్తాయి. అట్టలు ఒళ్లో పెట్టుకుని పిల్లలు వరండాలో బారుగా కూర్చుని వ్యాసాలు రాస్తారు. ఒకరోజు క్విజ్, ఒకరోజు పాటలు, ఒకరోజు ఆడవాళ్లకు ముగ్గుల పోటీ. వక్తృత్వ పోటీలో ప్రతి ఏడూ ఒక పిల్లయినా ఉంటుంది, బట్టీపట్టింది సగంలో మరిచిపోయి కొంగలా మెడ చాచి టీచరు వంక చూసేది. ‘పర్వాలేదమ్మా, నీకు తెలిసింది నీ మాటల్లో చెప్పు’ అని ఎవరో అంటారు. ఆ పిల్ల గొంతు సవరించుకుని మళ్లీ అందుకుంటుంది. అప్పుడు చెప్పిన నాలుగు ముక్కలే అందరికీ గుర్తుండిపోతాయి. 20న బహుమతులిస్తారు, ఫొటో దిగుతారు.

మరి 21వ తేదీ నుంచి? అదే నా బాధండీ. బల్లలు మళ్లీ గోడవారకు చేరతాయి. పొద్దున పత్రికలకొచ్చే పెద్దలు ఒక్కో పత్రికను నాలుగు ముక్కలుగా పంచుకుని చదువుకుని వెళ్లిపోతారు. గ్రూప్స్‌కీ, డీఎస్సీకీ, పోలీసు ఉద్యోగాలకీ చదివే కుర్రవాళ్లు మిగతా కుర్చీలన్నీ నింపుతారు. వాళ్లను చూస్తే నాకు గౌరవం. ఇంట్లో చోటు లేక, కోచింగుకు డబ్బు లేక, టిఫిను డబ్బాతో వచ్చి సాయంత్రం దాకా తల ఎత్తకుండా చదివే పిల్లలు వాళ్లు. వాళ్ల నిశ్శబ్దం వాళ్లకు ఉండాల్సిందే. కానీ వరండా ఉంది, ఆవరణ ఉంది, ఆదివారం సాయంత్రం ఉంది. అక్కడ ఒక గంట కథ చదివితే ఎవరి చదువూ చెడదు.

‘అది లైబ్రేరియన్‌గారి పని కదా’ అంటారేమో. తాళం తియ్యడం, పుస్తకాలు ఇవ్వడం, రిజిస్టరు రాయడం, ఊడ్పించడం అన్నీ ఒక్కరే చూసుకునే చోట ఇంకెంత అడుగుతాం? మీ ఇంటి పన్ను రసీదు ఒకసారి తీసి చూడండి. గ్రంథాలయ పన్ను అని వేరే గడి ఉంటుంది. 1960 నాటి గ్రంథాలయ చట్టం ప్రకారం ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున మనం కడుతున్నదే అది. ఆ కుర్చీలో, ఆ బీరువాలో, ఆ వరండాలో మన భాగం ఉంది. డబ్బు ఎలాగూ కడుతున్నాం. ఇక ఇవ్వాల్సింది మన గొంతు, మన గంట సేపు.

బాపట్లలో రిటైరైన మాస్టార్లు ఎంతమంది లేరు! పద్యం రాగంతో చదివితే వీధి చివరిదాకా వినిపించే గొంతులవి. తెనాలిలో నాటకాలాడినవాళ్లు ఉన్నారు. ఒక కథను ఇద్దరు ముగ్గురు పాత్రలు పంచుకుని చదివితే పిల్లలు నోళ్లు తెరుచుకుని వింటారు. రేపల్లెలో నిజాంపట్నం సముద్రం సంగతులు చెప్పగల పెద్దవాళ్లున్నారు. తుపానుకు ముందు నీళ్ల రంగు ఎలా మారుతుందో, ఏ గాలికి ఏ చేప పడుతుందో వాళ్లు చెబితే, పక్కనే కూర్చున్న ఎనిమిదో తరగతి పిల్ల రాసిపెట్టదూ? అలా రాసిన నోటుపుస్తకం ఆ గ్రంథాలయం బీరువాలోకి వెళ్లాలి. బయటినుంచి కొన్న పుస్తకాల పక్కన ఊరు తానే రాసుకున్న పుస్తకం ఒకటి ఉండాలి.

చూపు మందగించిన మామ్మలూ తాతయ్యలూ ప్రతి వీధిలోనూ ఉన్నారు. ఒకప్పుడు వారపత్రిక రాగానే సీరియల్ చదివి గానీ అన్నం తినని వాళ్లు. ఇప్పుడు టీవీ ముందు కూర్చుంటున్నారంటే ఇష్టమై కాదు, అక్షరాలు ఆనక. వాళ్ల చెవులు బాగానే ఉన్నాయి. మనవరాలు చేయి పట్టుకుని తీసుకొస్తే వాళ్లే మీ మొదటి శ్రోతలు.

కాబట్టి ఈ వారమే మీ శాఖా గ్రంథాలయానికి వెళ్లండి. సభ్యులు కాకపోతే సభ్యత్వం తీసుకోండి. లైబ్రేరియన్‌గారితో ‘నేను వారానికో గంట కథలు చదివి వినిపిస్తానండీ, ఏ రోజు వీలవుతుంది’ అని అడగండి. మైకు వద్దు, శాలువా వద్దు, ఫ్లెక్సీ అసలే వద్దు. ముగ్గురొచ్చినా మొదలుపెట్టండి. వచ్చే వారం ఏం చదవాలో ఆ ముగ్గుర్నే అడగండి.